నేమ్ ప్లేటు చివర్లో చదవండి

అందరికీ నమస్కారం. పాత మిషను మీద ఆలివ్ పచ్చ రంగు కనబడితే చాలు, "ఇది మిలిటరీది" అనేస్తాం. చాలాసార్లు ఆ మాటలో సగమే నిజం. 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జీపులు, ట్రక్కులు పెద్ద సంఖ్యలో మిగులు సరుకుగా అమ్మకానికి వచ్చాయి. కొన్నవాళ్లు వాటిని విప్పి, ఇంజను ఒకదానికి, యాక్సిల్ ఇంకోదానికి వాడి విన్చ్‌లు (తాడు చుట్టి బరువులు లాగేవి), రంపపు మిషన్లు, క్రేన్లు, ట్రాక్టర్లు తయారు చేసుకున్నారు. ముక్కలు మిలిటరీవే, మిషను మాత్రం ఎవరి షెడ్డులోనో పుట్టింది. అందుకే "ఇది ఏ మిషను?" అని కాదు, "ఇందులో ఏ ముక్క ఎక్కడిది?" అని అడగాలి.

విన్చ్‌నే తీసుకుందాం. ట్రక్కు వెనక యాక్సిల్‌తో చేసిన దాంట్లో ఒక వైపు హబ్‌ను, అంటే చక్రం బిగించే చోటును, కదలకుండా బిగించేసి, రెండో వైపు హబ్‌కి తాడు చుట్టే డ్రమ్ పెడతారు, ఎందుకంటే డిఫరెన్షియల్‌లో (యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఒక పక్కను ఆపితే రెండో పక్క క్రౌన్ వీల్, అంటే వాటిని తిప్పే పెద్ద పళ్ల చక్రం, కన్నా రెట్టింపు వేగంతో తిరుగుతుంది. ఫ్యాక్టరీలో ట్రక్కు ముందు బిగించిన విన్చ్‌లో మామూలుగా వర్మ్ గేరు, అంటే స్క్రూ లాంటి మరతో పళ్ల చక్రాన్ని తిప్పే గేరు, ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది.

తర్వాత ఆ యాక్సిల్ ఎవరిదో చూడాలి. అమెరికా సైన్యం వాడిన జీఎంసీ సీసీకేడబ్ల్యూ రెండున్నర టన్నుల ట్రక్కుకి రెండు రకాల యాక్సిళ్లు వచ్చాయి: గుండ్రటి పొట్టతో ఉండే బాంజో ఒకటి, మధ్యలో రెండు ముక్కలుగా బోల్టులతో కలిపేది ఇంకోటి. జీపు ఛాసిస్ అయితే ముందు అడ్డకడ్డీ చూడండి. జీపులు చేసిన రెండు కంపెనీల్లో విల్లీస్‌ది గొట్టం, ఫోర్డ్‌ది వంచిన రేకు. ఫోర్డ్ వాళ్లు బోల్టు తలల మీద కూడా 'ఎఫ్' గుర్తు వేశారు. బాణం గుర్తుంటే బ్రిటిష్ సైన్యానిది, ఆ బాణం 'సి' అక్షరం లోపల ఉంటే కెనడాది. చక్రం బోల్టు చివర 'ఎల్' ఉంటే ఎడమ మర (ఎడమకి తిప్పితే బిగిసేది), అంటే బండికి ఎడమ పక్కన ఉండాల్సింది. అది మీ ట్రాక్టరుకి కుడి పక్కన కనిపిస్తే యాక్సిల్‌ను వెనక్కి తిప్పి బిగించారేమో చూడండి.

జనరల్ మోటార్స్ ఇంజను బ్లాక్ మీద పోతలోనే తేదీ ఉంటుంది. అక్షరం నెల, 'ఎ' అంటే జనవరి. తర్వాత రోజు, ఆ తర్వాత సంవత్సరం చివరి అంకె. 'సి 12 4' అంటే మార్చి 12, 1944. కానీ 1954 కూడా కావచ్చు, అందుకని పక్కనున్న పోత నంబరు కూడా రాసుకోవాలి.

మరలు కొలిచే థ్రెడ్ గేజ్ ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. అర అంగుళం బోల్టుకి అంగుళానికి 12 మరలుంటే బ్రిటిష్ వాళ్ల విట్‌వర్త్ మర, 13 ఉంటే అమెరికన్ ముతక మర. బ్రిటన్, అమెరికా, కెనడా కలిసి ఒకే ప్రమాణానికి ఒప్పుకున్నది 1948లో.

నేను ఎక్కువగా నమ్మేది మాత్రం వెల్డింగ్ దగ్గర రంగుని. పచ్చ రంగు వెల్డు మీదికి ఎక్కి ఉంటే మిషను కట్టాకే వేశారు. వెల్డు పక్కన కాలిపోయి ఆగిపోతే, ఆ ముక్క అప్పటికే రంగుతో వచ్చింది. ఉప్పుకాగితాన్ని తడిపి, రూపాయి బిళ్లంత చోట నెమ్మదిగా రుద్దితే పొరలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. దయచేసి పొడిగా రుద్దొద్దు, పాత రంగుల్లో సీసం ఉంటుంది. మెరిసే అంకెల మీటర్లు కనిపిస్తే అద్దం విప్పొద్దు, రేడియం ఉండొచ్చు.

ఇక మిషను వయసు. దాన్ని నిలబెట్టిన ముక్కల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో వెతకండి, మిషను దానికన్నా ముందు పుట్టి ఉండదు. డైనమో, కార్బ్యురేటర్ లాంటివి ఎవరైనా ఎప్పుడైనా మార్చేస్తారు కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. కోసి, వెల్డు చేసి, ఇక విప్పలేకుండా కలిపిన ముక్కలే సాక్ష్యం. ఇదంతా అయ్యాక నేమ్ ప్లేటు చదవండి. నాలుగు రివెట్లు తీస్తే అది ఇంకో మిషను మీదికి పోతుంది, కొత్తగా కొట్టించిన ప్లేట్లూ దొరుకుతాయి.

బయట ఒక విన్చ్ పెట్టాను. రండి, యాక్సిల్ బాంజోనా, రెండు ముక్కలదా, ముందు మీరే చూసి చెప్పండి.