కొత్త ఇంటికి టీవీ, ఇంటర్నెట్ కనెక్షన్: గోడ దాకా వచ్చే లైను ఏది?

నమస్కారం. కొత్త ఇంట్లోకి మారుతూ టీవీకి, ఇంటర్నెట్‌కు ఎవరి కనెక్షన్ తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్న వారి కోసం ఈ వీడియో సమీక్ష చేస్తున్నాను. ఇందులో కంపెనీల పేర్లు చెప్పి మార్కులు వేయడం లేదు. ఒకే కంపెనీ లైను ఒక వీధిలో చక్కగా నడిచి, పక్క వీధిలో రోజూ విసిగించడం చాలా మామూలు విషయం కాబట్టి, ఆ మార్కులు మీ ఇంటికి పనికిరావు. నేను సమీక్షిస్తున్నది ఇంటి దాకా వచ్చే లైన్ల రకాలను, వాటి మీద నడిచే టీవీ పద్ధతులను. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసే స్పీడ్ అంకె కన్నా, మీ గోడ దాకా ఏ తీగ వస్తోంది, ఇంట్లో అది ఎక్కడ ఆగుతోంది అన్న రెండు సంగతులే మీ రోజువారీ అనుభవాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయని నా గట్టి అభిప్రాయం.

ముందుగా ఆ స్పీడ్ అంకె గురించి కొంచెం చెప్పాలి. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఒక బైటుకు 8 బిట్లు కాబట్టి, ఫైలు డౌన్‌లోడ్ చేస్తున్నప్పుడు మీకు కనిపించే వేగం సెకనుకు 12.5 మెగాబైట్లకు మించదు. హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్, 4కే వీడియోకు 15 నుంచి 25 ఎంబీపీఎస్ సరిపోతాయి. అంటే నలుగురున్న ఇంట్లో రెండు టీవీలు, కొన్ని ఫోన్లు, ఒకరి వీడియో కాల్ ఒకేసారి నడిచినా 100 ఎంబీపీఎస్ లైను నిలకడగా ఉంటే ఇబ్బంది రాదు. ఇబ్బంది పెట్టేది సాధారణంగా అప్‌లోడ్. ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవారు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవారు, ఇంటి కెమెరాల దృశ్యాలను క్లౌడ్‌లో దాచుకునేవారు డౌన్‌లోడ్ అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే అప్‌లోడ్ అంకెను తప్పకుండా చూడాలి. కొన్ని ప్లాన్లలో అది డౌన్‌లోడ్‌లో పదో వంతు కూడా ఉండదు.

ఇక లైన్ల విషయానికి వద్దాం. ఫైబర్, అంటే కాంతితో సంకేతాలను మోసే సన్నని గాజు తీగ, దొరికే చోట ఫైబరే తీసుకోండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. అయితే ఫైబర్ అని ప్రకటించిన ప్రతి కనెక్షన్‌లోనూ గాజు తీగ మీ గది దాకా రాదు. కొన్ని భవనాల్లో ఫైబర్ కింది అంతస్తులోని పెట్టె దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడ ఒక నెట్‌వర్క్ స్విచ్ (ఒక లైనును చాలా ఇళ్లకు పంచే పరికరం) పెట్టి, దాని నుంచి మామూలు రాగి నెట్‌వర్క్ కేబుల్‌ను ఇళ్లకు లాగుతారు. ఆ పెట్టెకు కరెంటు పోతే, మీ ఇంట్లో కరెంటు ఉన్నా ఇంటర్నెట్ ఉండదు. కాబట్టి కనెక్షన్ ఇచ్చే మనిషిని సూటిగా ఒకే ప్రశ్న అడగండి: ఫైబర్ తీగ మా ఇంటి లోపలికి వస్తుందా, లేక మెట్ల దగ్గరే ఆగుతుందా?

ఇంటి లోపలికి వచ్చే ఫైబర్ ఎలా పనిచేస్తుందో కూడా తెలిసి ఉండటం మంచిది. చాలా చోట్ల వాడే జీపాన్ పద్ధతిలో కంపెనీ కేంద్రం నుంచి వచ్చే ఒక ఫైబర్‌ను కరెంటు అవసరం లేని స్ప్లిటర్లతో సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. ఆ ఇళ్లన్నిటికీ కలిపి డౌన్‌లోడ్‌కు సుమారు 2.5 జీబీపీఎస్ (ఒక జీబీపీఎస్ అంటే 1,000 ఎంబీపీఎస్), అప్‌లోడ్‌కు సుమారు 1.25 జీబీపీఎస్ ఉంటుంది. అందరూ ఒకే క్షణంలో పూర్తి వేగం వాడరు కాబట్టి ఈ పంపకం బాగానే నడుస్తుంది. దీని తరువాతి తరమైన ఎక్స్‌జీఎస్-పాన్‌లో రెండు వైపులా 10 జీబీపీఎస్ దాకా ఉంటుంది.

ఇప్పుడు తెర మీద కనిపిస్తున్న ఈ చిన్న పెట్టెను గమనించండి. దీన్ని ఓఎన్‌టీ అంటారు. ఫైబర్‌లో వచ్చే కాంతిని మన రౌటర్‌కు అర్థమయ్యే సంకేతంగా మార్చే పరికరం ఇదే. అడుగున గుచ్చిన ఈ ఆకుపచ్చ కనెక్టర్‌లోని గాజు పోగు 125 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటుంది, అందులో కాంతి ప్రయాణించే దారి దాదాపు 9 మైక్రాన్లే. ఇంత సన్నని దారికి ఒక ధూళి కణం అడ్డుపడినా, తీగను గోడ మూలలో గట్టిగా మడిచినా కాంతి తగ్గిపోతుంది. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే కాంతి మీ ఇంటికి చేరడం లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా ప్రయోజనం ఉండదు, ఆ మాటే చెప్పి ఫిర్యాదు నమోదు చేయాలి. కనెక్షన్ పెట్టిన రోజే టెక్నీషియన్‌తో చేరుతున్న కాంతి బలాన్ని కొలిపించి, ఆ అంకెను రాసి పెట్టుకోండి. జీపాన్ పరికరాలు మామూలుగా మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య పనిచేస్తాయి. డీబీఎం అంటే కాంతి బలానికి కొలమానం; మైనస్ పక్కన అంకె పెద్దదయ్యేకొద్దీ కాంతి తక్కువని అర్థం. మైనస్ 20 దగ్గర ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 26 ఉంటే ఆ రోజు పనిచేసినా ఏ చిన్న కారణానికైనా తెగిపోయే లైను అది, కాబట్టి అక్కడికక్కడే సరిచేయమని అడగండి. ఊడదీసిన ఫైబర్ చివరలోకి మాత్రం కన్ను పెట్టి చూడకండి, పిల్లలను చూడనివ్వకండి. అందులో వచ్చేది కంటికి కనిపించని లేజర్ కాంతి.

ఫైబర్ లేని చోట టీవీ కేబుల్ మీద వచ్చే ఇంటర్నెట్ తరువాతి స్థానంలో నిలుస్తుంది. డౌన్‌లోడ్ బాగుంటుంది, అప్‌లోడ్ సాధారణంగా తక్కువ, చుట్టుపక్కల ఇళ్లవారితో పంచుకునే లైను కావడం వల్ల సాయంత్రం వేళల్లో మందగించే అవకాశం ఉంది. పాత టెలిఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్‌లో అన్నీ దూరం మీదే ఆధారపడతాయి. టెలిఫోన్ కంపెనీ పరికరాల పెట్టె మీ ఇంటికి కొన్ని వందల మీటర్లలో ఉంటే పరవాలేదు, దూరం పెరిగేకొద్దీ వేగం బాగా పడిపోతుంది. 5జీ సిగ్నల్ మీద నడిచే ఇంటి రౌటర్లు అద్దె ఇళ్లకు అనుకూలం, ఎందుకంటే గోడకు రంధ్రం వేయనక్కరలేదు; కానీ లోహపు పూత ఉన్న కిటికీ అద్దాలు సిగ్నల్‌ను బాగా అడ్డుకుంటాయి కనుక, కొనే ముందు మీ ఇంట్లోనే పెట్టి చూడనిస్తారేమో అడగండి.

ఉపగ్రహ ఇంటర్నెట్‌లో రెండు రకాలున్నాయి. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే పాత తరహా ఉపగ్రహాల మీదుగా మన సంకేతం వెళ్లి, దానికి జవాబు తిరిగి రావడానికే సుమారు అర సెకను పడుతుంది, అందువల్ల వీడియో కాల్‌లో ఒకరి మాట మీద ఒకరు మాట్లాడవలసి వస్తుంది. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కొత్త ఉపగ్రహాలతో ఈ ఆలస్యం కొన్ని పదుల మిల్లీసెకన్లకు తగ్గింది. వీటికి చెట్లు, భవనాలు అడ్డులేని ఆకాశం కావాలి.

టీవీ సంగతి వేరుగా ఆలోచించాలి. రెండూ ఒకే కంపెనీ దగ్గర తీసుకుంటే బిల్లు ఒకటే, ఫిర్యాదు చేసే చోటు ఒకటే; అది చిన్న సౌకర్యమేమీ కాదు. కానీ ఆ ఒక్క లైను తెగిన రోజున ఇంట్లో ఇంటర్నెట్‌తో పాటు టీవీ కూడా ఆగిపోతుంది. ఇంట్లో పెద్దవారు రోజంతా టీవీ మీద ఆధారపడేవారైతే, డిష్ యాంటెన్నాను విడిగా ఉంచుకోవడమే మేలని నేను అనుకుంటాను. డిష్‌కు భూమధ్యరేఖ పైనున్న ఉపగ్రహం నేరుగా కనిపించే చోటు కావాలి, కుండపోత వాన కురిసే ఆ కొద్దిసేపు బొమ్మ పోవచ్చు; అయితే ఇంటర్నెట్‌తో దానికి ఏ సంబంధమూ లేదు, రిమోట్ నొక్కగానే ఛానల్ వస్తుంది, పెద్దవారికి కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ ఉండదు.

ఇంటర్నెట్ కంపెనీ తన లైను మీదే ఇచ్చే టీవీ, అంటే ఐపీటీవీలో ఛానళ్లు ఆ కంపెనీ సొంత నెట్‌వర్క్ మీదే వస్తాయి కాబట్టి బొమ్మ నిలకడగా ఉంటుంది, కానీ సెట్‌టాప్ బాక్స్‌కు వైఫై కన్నా తీగే శ్రేష్ఠం. యాప్‌లలో చూసే ప్రత్యక్ష ప్రసారం డిష్ కన్నా వెనకబడి వస్తుంది, కొన్నిసార్లు అర నిమిషం దాకా; ఆట చూసేటప్పుడు పక్కింటివారి కేకలు ముందుగా వినబడి, గోలు తరువాత కనబడటం నిజంగా బాధ కలిగిస్తుంది. క్రీడలంటే ప్రాణం పెట్టే ఇల్లయితే ఈ ఒక్క కారణమే డిష్ లేదా కేబుల్ వైపు మొగ్గడానికి చాలు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమని భావించే చోటుకు వచ్చాం: ఇంటి లోపలి తీగలు. గోడలకు రంగులు వేయకముందే ఈ ఆలోచన చేయాలి. కనెక్షన్ పెట్టడానికి వచ్చినవారు తమకు పని సులువయ్యేలా ఓఎన్‌టీని, రౌటర్‌ను తలుపు పక్కన, లేదా కరెంటు మీటరు దగ్గరి ఇనుప పెట్టెలో పెట్టి వెళ్లిపోతారు. ఇనుప పెట్టెలో నుంచి వైఫై సిగ్నల్ సరిగా బయటికి రాదు. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను దాటి దూరం వెళతాయి కానీ వేగం తక్కువ, పొరుగువారి రౌటర్లతో రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, కానీ రెండు మూడు కాంక్రీటు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. అందుకని రౌటర్ ఇంటి మధ్యలో, తెరిచి ఉన్న ఎత్తైన చోట ఉండేలా, ప్రవేశ ద్వారం నుంచి అక్కడికి ఒక ఖాళీ పైపు గోడలో వేయించండి. అక్కడి నుంచి టీవీ వెనకకు, పనిచేసుకునే బల్ల దగ్గరకు, పై అంతస్తు ఉంటే అక్కడికి క్యాట్ 6 రకం రాగి నెట్‌వర్క్ కేబుల్ లాగించండి. దాని కన్నా పాత రకమైన క్యాట్ 5ఈ కేబుల్ కూడా 100 మీటర్ల దాకా 1 జీబీపీఎస్ మోయగలదు. కానీ గోడలో ఒకసారి వేసి చాలాకాలం ఉంచే తీగ కాబట్టి క్యాట్ 6 వేయించడమే మంచిది. ఈ పైపులను కరెంటు తీగల పైపులతో కలపకండి, లోపల ఒక నైలాన్ తాడు వదిలిపెట్టండి. రేపు కొత్త తీగ వేయాలన్నా ఆ తాడుకు కట్టి లాగేస్తారు. ఇల్లు పెద్దదై ఒక రౌటర్ చాలకపోతే, మెష్ పరికరాలను, అంటే ఇల్లంతా ఒకే వైఫైని పరిచే అదనపు పెట్టెలను, ఈ తీగలతోనే కలపండి. తీగ లేకుండా కలిపిన మెష్‌లో వేగం చాలాసార్లు సగం దాకా పడిపోవచ్చు.

కరెంటు పోతే ఇంటర్నెట్ ఆగకూడదనుకుంటే ఓఎన్‌టీకి, రౌటర్‌కు కలిపి ఒక చిన్న యూపీఎస్ చాలు. అడాప్టర్ల మీద రాసి ఉన్న వోల్టేజీ, ఆంపియర్లు చూసి సరిపోయేది కొనండి.

ఎంచుకునే ముందు అదే భవనంలో, అదే వీధిలో ఆ కనెక్షన్ వాడుతున్నవారిని పలకరించండి, అందులోనూ రాత్రి తొమ్మిది, పది గంటల వేళ ఎలా ఉంటోందని అడగండి. కనెక్షన్ వచ్చాక ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు తీగతో కలిపి, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి వేగం కొలవండి. వైఫై మీద కొలిచిన అంకెతో ఫిర్యాదు చేస్తే ఎవరూ వినరు. బయటి నుంచి ఇంటి కెమెరా రికార్డర్‌లోకి నేరుగా ప్రవేశించాలనుకునేవారు పబ్లిక్ ఐపీ అడ్రస్ (బయటి నుంచి మీ కనెక్షన్‌ను నేరుగా చేరగల ఇంటర్నెట్ చిరునామా) ఇస్తారో లేదో ముందే తెలుసుకోండి. రౌటర్ సెట్టింగులలో బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే, మీరు అనేకమందితో ఒకే పబ్లిక్ అడ్రస్‌ను పంచుకుంటున్నారని, బయటి నుంచి అలా నేరుగా ప్రవేశించలేరని అర్థం.

చివరిగా ఒప్పందం కాగితం. అపరిమితం అన్న ప్లాన్‌లో ఎంత డేటా తరువాత వేగం తగ్గిస్తారు, తగ్గించాక ఎంత మిగులుతుంది, మొదటి కొన్ని నెలల తగ్గింపు ధర ఎప్పుడు ముగుస్తుంది, గడువుకు ముందే మానేస్తే ఏమి కట్టాలి, ఇల్లు మారితే అదే కనెక్షన్ తీసుకెళ్లనిస్తారా అన్నవి సంతకానికి ముందే రాతలో తీసుకోండి. రౌటర్, సెట్‌టాప్ బాక్స్ మీ సొంతమా, కంపెనీవా అన్నది కూడా అందులో ఉండాలి. కంపెనీవైతే వచ్చిన రోజే వాటి సీరియల్ నంబర్లు ఫోటో తీసి ఉంచుకోండి; తిరిగి ఇచ్చే రోజున అవే నంబర్లు వేసిన రసీదు చేతికి వచ్చాకే పరికరాలను వదలండి.