వారం రోజుల అతిథులు

శ్రోతలకు నమస్కారం. పరాయి దేశపు యుద్ధనౌకలు రేవుకొస్తే చూడ్డానికి ఊరు ఊరంతా కదులుతుంది. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ ప్రదర్శన చూడ్డానికి విశాఖ బీచ్ రోడ్డు మీద నిలబడ్డవాళ్ళకి నేను చెప్పాలా! ఇవాళ మాత్రం సిడ్నీ పోస్టుకార్డుల కబురు. 1908 నాటిది.

అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 16 యుద్ధనౌకల్ని ప్రపంచం చుట్టి రమ్మని పంపాడు. ఒళ్ళంతా తెల్లరంగు, ముక్కు దగ్గర బంగారు నగిషీ. గ్రేట్ వైట్ ఫ్లీట్ అని పేరు పడింది. వాటిని ఆస్ట్రేలియాకి పిలిచింది ప్రధాని ఆల్ఫ్రెడ్ డీకిన్. అప్పట్లో ఆ దేశపు విదేశీ వ్యవహారాలు లండన్ చేతుల్లో ఉండేవి. ఈయన ముందు అమెరికా కాన్సుల్, అంటే అక్కడున్న ఆ దేశపు ప్రతినిధి, చెవిన వేసి, తర్వాత లండన్‌కి చెప్పాడు. గడుసువాడే!

ఆగస్టు 20న సిడ్నీకి ఓడలొచ్చాయి, 27న లంగరెత్తాయి. వారం. వారమే! ఆ వారం కోసం అచ్చైన పోస్టుకార్డులే ఇప్పుడు కలెక్టర్లు వెతుక్కునేవి. కలెక్టర్లంటే జిల్లా కలెక్టర్లు కాదండోయ్, సేకరణ పిచ్చివాళ్ళు. కొన్ని కార్డుల మీద అమెరికా డేగ, ఆస్ట్రేలియా కంగారూ పక్కపక్కనే ఉంటాయి, చుట్టూ రెండు జెండాలు. కొన్నిటి మీద ఒక్కో ఓడ ఫొటో, కింద దాని పేరు. రాజకీయం ఎంతుందో, సంబరం అంతుంది ఆ బొమ్మల్లో. నాకు సంబరమే నచ్చుతుంది. నావికులకూ ఆ దేశం నచ్చినట్టుంది, తర్వాతి మజిలీ మెల్‌బోర్న్‌లో 200 మందికి పైగా ఓడెక్కకుండా ఉండిపోయారు!

అందరూ బొమ్మ చూస్తారు. మీరు కార్డు తిప్పండి. స్టాంపు, తపాలా ముద్ర, తేదీ, ఎవరో ఎవరికో రాసిన నాలుగు ముక్కలు, అసలు సంగతంతా వెనకే ఉంది. ఆ ఏడాదే అమెరికా చట్టం చేసి యుద్ధనౌకల్లో పోస్టాఫీసులకు అనుమతిచ్చింది. ఆ తర్వాత ఓడ పేరున్న ముద్రల కోసం ఎగబడేవాళ్ళు తయారయ్యారు.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళ పెట్టెలో ఇలాంటి కార్డు కనబడితే ఒక్క మాట. ఆల్బమ్‌లో బంక పెట్టి అతికించకండి, వెనక వైపు పోతుంది. స్టాంపు ఊడబీకకండి. లామినేషన్ అసలొద్దు. ఎవరిదో, ఎక్కడ దొరికిందో రాసుకోవాలంటే వేరే చీటీ మీద, పెన్సిల్‌తో.