గిట్ట కోరేది ఒకటి, చక్రం కోరేది ఒకటి

సభకు నమస్కారం.

మా ఊరి పొలిమేరలో ఒక బోర్డు ఉంది. 'డబ్ల్యూ.బి.ఎం. రోడ్డు నిర్మాణము' అని పెద్ద అక్షరాలు, కింద అంచనా విలువ, పొడవు. ఇలాంటి బోర్డు మీ ఊళ్లోనూ చూసే ఉంటారు. మొదటి రెండక్షరాలు వాటర్ బౌండ్, అంటే నీటితో బిగించినది. మూడోది ఒక మనిషి పేరు. మెకాడమ్. రెండు వందల ఏళ్లనాటి స్కాట్లండు మనిషి మన పంచాయతీ బోర్డుల మీదికి ఎలా ఎక్కాడు? ఈ సాయంత్రం ఆయనతో మొదలుపెట్టి, పంతొమ్మిదో శతాబ్దపు లండన్, పారిస్ వీధుల్లోకి వెళ్దాం.

జాన్ లౌడన్ మెకాడమ్ చేతికి 1816లో బ్రిస్టల్ చుట్టుపక్కల రోడ్లు వచ్చాయి. అప్పటిదాకా రోడ్డు బాగుచేయడమంటే చాలాచోట్ల గుంట కనబడితే పెద్ద రాళ్లు తెచ్చి పడేయడమే. చక్రం తగిలిన ప్రతిసారీ ఆ రాయి కదిలేది, పక్కన ఇంకో గుంట పడేది. మెకాడమ్ అన్నది వింటే ఇంతేనా అనిపిస్తుంది. బరువు మోసేది నేలే. నేల తడవకపోతే ఎంత బరువైనా మోస్తుంది. కాబట్టి రోడ్డు అంటే నేల తడవకుండా వేసే కప్పు. ఇంటికి పైకప్పు ఎలాగో నేలకు రోడ్డు అలాగ. పక్క నేలకన్నా కాస్త ఎత్తుగా, నడుమ ఉబ్బెత్తుగా, అటూ ఇటూ కాలువలతో, పైన సుమారు 10 అంగుళాల మందాన చిన్న కంకర. ఏ రాయీ 6 ఔన్సులు, అంటే దాదాపు 170 గ్రాములు దాటకూడదు. తూకం లేనిచోట కూలీ రాయిని నోట్లో పెట్టుకుని చూసుకునేవాడని, పడితే సరైన రాయని ఒక కథ ప్రచారంలో ఉంది.

ఇంకో మార్పు కూడా తెచ్చాడాయన. నిలబడి పెద్ద సుత్తితో కొట్టే పనిని, కూర్చుని చిన్న సుత్తితో కొట్టే పనిగా మార్చాడు. దాంతో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు కూడా రాయి కొట్టగలిగారు. తక్కువ కూలికి, అది వేరే చెప్పాలా! క్రషర్లు రాకముందు మన దారుల పక్కన తాటాకు నీడలో కూర్చుని, వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని కంకర కొట్టిన ఆడవాళ్లను చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. ఆ కూర్చునే తీరు, ఆ సుత్తి, ఆ రాయి సైజు మెకాడమ్ రాసినవాటికి ఎంత దగ్గరో చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

పల్లెదారికి బాగా పనిచేసిన ఈ పద్ధతి నగరంలో తడబడింది. 1820ల్లో లండన్ వీధులు కొన్నిటికి కంకర వేశారు. ఇనుప పట్టా చక్రాలు, ఇనుప లాడాలు కలిసి రాయిని పిండి చేసేవి. ఎండాకాలం అది దుమ్ము, వానాకాలం బురద. అందులో గుర్రపు పేడ కూడా కలిసేది. రోజూ నీళ్లబండి తిప్పి తడపాలి, తడిపితే మళ్లీ బురద.

అందుకే బండ్లు ఎక్కువగా తిరిగే వీధులకు గ్రానైటు దిమ్మలే దిక్కయ్యాయి. అబర్డీన్ నుంచి ఓడల్లో వచ్చేవి. మేస్త్రీ ఒక్కొక్కటే పేర్చి, దిమ్మిసతో కొట్టి దించేవాడు. మొదట్లో దిమ్మలు వెడల్పుగా ఉండేవి, రాను రాను 3 అంగుళాలకు కుదించారు. కారణం గుర్రం. నున్నబడిన రాయి మీద గిట్ట జారితే, పట్టు దొరికేది రెండు రాళ్ల నడుమ సందులోనే. రాయి సన్నమైతే సందులు ఎక్కువ. కానీ ప్రతి సందు దగ్గరా చక్రం ఎగిరి పడుతుంది. చక్రానికి నునుపు కావాలి, గిట్టకు గరుకు కావాలి. ఆ శతాబ్దమంతా ఇంజనీర్లు నలిగింది ఈ రెంటి మధ్యనే.

ఇక మూడో పక్షం, వీధిలో కాపురముండేవాళ్లు. రాతి మీద ఇనుము చేసే చప్పుడు ఎంతటిదంటే, డబ్బున్న ఇంట్లో ఎవరైనా జబ్బుపడితే ఇంటి ముందు వీధంతా గడ్డి పరిపించేవారు. వీధిలో గడ్డి కనబడితే లోపల ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని దారినపోయేవారికి అర్థమయ్యేది. గడ్డి కొనలేని ఇంటి రోగి ఆ మోత వింటూ పడుకోవలసిందే.

ఆ మోత తప్పించడానికే కర్ర వచ్చింది. 1839 ప్రాంతంలో లండన్‌లోని ఆక్స్‌ఫర్డ్ వీధిలో చెక్కదిమ్మలు నిలువుగా పేర్చి చూశారు. చప్పుడు తగ్గింది, కానీ కర్ర గుర్రపు మూత్రం పీల్చుకుని కంపుకొట్టింది, కుళ్లింది, తడిస్తే జారింది. చాలాచోట్ల పీకేశారు. 1870ల్లో కింద కాంక్రీటు వేసి, చెక్కను క్రియోసోటులో, అంటే కుళ్లకుండా కాపాడే తారునూనెలో నానబెట్టి మళ్లీ పరిచారు. శతాబ్దం చివరికి ఆస్ట్రేలియా నుంచి జారా, కారీ అనే గట్టి కలప కూడా తెప్పించారు. వీధి కోసం సముద్రాలు దాటించి అడవిని మోసుకురావడం నాకైతే వింతగానే తోస్తుంది.

తారుకు చుట్టమైన ఆస్ఫాల్టు, అంటే తారులాంటి జిగురు సహజంగానే ఇమిడిన రాయి. దాని కథ స్విట్జర్లండులో మొదలైంది. వాల్ ద త్రావెర్ గనుల నుంచి వెళ్లే బండ్లలోంచి రాలిన ముక్కలు చక్రాల కింద నలిగి, దారి మీద నున్నటి పొరగా అతుక్కోవడం గమనించారు. ఆ రాతిని పొడిచేసి, వేడిచేసి, పరిచి, వేడి ఇనుముతో అదిమారు. పారిస్‌లో 1854లో, లండన్ థ్రెడ్‌నీడిల్ వీధిలో 1869లో వేశారు. పారిస్‌కు ఇంకో తలనొప్పి కూడా ఉంది. 1830లోనూ 1848లోనూ జనం రాజు మీద తిరగబడి, వీధిరాళ్లు పెకలించి అడ్డుగోడలు కట్టారు. పేర్చిన రాయిని పెకలించవచ్చు, కంకర పొడిని, ఆస్ఫాల్టును గోడగా పేర్చలేరు. ఆ తర్వాత ఫ్రాన్స్ చక్రవర్తి అయిన మూడో నెపోలియన్ కాలంలో పెద్ద వీధులకు కంకర వేయడంలో ఈ లెక్క లేదంటే నేను నమ్మను.

మరి గుర్రం సంగతి? లండన్ సిటీ ఇంజనీరు విలియం హేవుడ్ 1873లో ఏ వీధిలో ఎన్ని గుర్రాలు పడుతున్నాయో లెక్క పెట్టించాడు. గ్రానైటు మీద సగటున 132 మైళ్లకు ఒకసారి, ఆస్ఫాల్టు మీద 191 మైళ్లకు ఒకసారి. కర్ర మీద అంతకన్నా చాలా దూరం నడిచాక గానీ పడలేదు. ఆస్ఫాల్టు అన్నిటికన్నా జారేది జడివానలో కాదు, సన్నటి తుంపర పడ్డప్పుడు. అప్పుడు ఇసుక చల్లేవారు.

తగాదా తీర్చింది ఇంజనీర్లు కాదు, మోటారు కారు. గిట్ట పోయింది, గరుకు అడిగేవాడు పోయాడు. కానీ రబ్బరు టైరు కంకర సందుల్లోని పొడిని లాగి పైకి లేపింది. ఆ పొడిని పట్టి ఉంచడానికి నీరు చాలలేదు, తారు కావాల్సి వచ్చింది. 1902లో ఇంగ్లండులో ఎడ్గర్ హూలీ తారు కలిపిన కంకరకు పేటెంటు తీసుకున్నాడు. మన దగ్గరా పద్ధతి అదే: ముందు డబ్ల్యూ.బి.ఎం., దానిమీద తారు. మా ఊళ్లో మొదటిది వేసి మూడేళ్లయింది. బస్సు వెళ్లిన ప్రతిసారీ రోడ్డు పక్క ఇళ్లవాళ్లు వాకిట్లో నీళ్లు చల్లుకుంటున్నారు.