ఆంగ్లో-సాక్సన్ సమాధిని ఎలా చదవాలి?

అందరికీ నమస్తే. ఇంగ్లండ్‌లో 5 నుంచి 7వ శతాబ్దం దాకా ఆంగ్లో-సాక్సన్లు (ఉత్తర జర్మనీ, డెన్మార్క్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ జనం, వాళ్ల వారసులు) తమవాళ్లను పాతిపెట్టిన సమాధుల్ని ఎలా అర్థం చేసుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి: ఎవరి సమాధిని వాళ్లు సర్దుకోలేరు. అందులో ఏం పెట్టాలో తేల్చేది బతికున్నవాళ్లు. అందుకే ఏ వస్తువు కనబడినా "దీన్ని ఎవరికి చూపించాలని పెట్టారు?" అని అడగాలి.

ఈటె, డాలు దొరికితే యోధుడు అనేస్తాం కదా. తొందరపడకండి. చిన్న మగపిల్లల పక్కన, యుద్ధానికి వెళ్లే ఒంట్లో సత్తువే లేనివాళ్ల పక్కన కూడా ఆయుధాలు దొరికాయి. అంటే అది వాళ్లు చేసిన పని కాదు, ఆ కుటుంబం హోదా.

ఇప్పుడు స్క్రీన్ మీద ఈ శిలువ చూడండి. కేంబ్రిడ్జ్ దగ్గర ట్రంపింగ్టన్‌లో, సుమారు 16 ఏళ్ల అమ్మాయి సమాధిలో దొరికింది. బంగారం, ఎర్రటి గార్నెట్ రాళ్లు, అడ్డంగా కొలిస్తే 4 సెంటీమీటర్లు కూడా లేదు. వెనక చిన్న చిన్న రింగులున్నాయి, అంటే బట్టకి కుట్టుకునేది. ఆమెను మంచం మీదే పడుకోబెట్టి పాతారు. చెక్క పుచ్చిపోయింది, ఇనుప పట్టీలు మిగిలాయి. 7వ శతాబ్దం మధ్యలో, క్రైస్తవం అప్పుడప్పుడే వేళ్లూనుకుంటున్న రోజుల్లో, బట్టల మీద శిలువా ఉంది, పాత పద్ధతిలో నగలూ కత్తీ ఉన్నాయి. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైనది అదే, రెండు నమ్మకాలూ ఒకే గోతిలో కనబడటం! ఆమె ఎముకలు, పళ్లు పరీక్షిస్తే ఆల్ప్స్ పర్వతాల వైపు పుట్టి, 7 ఏళ్లు దాటాక ఇంగ్లండ్ వచ్చిందని తేలింది.

సటన్ హూ గురించి వినే ఉంటారు, తూర్పు ఇంగ్లండ్‌లో 1939లో బయటపడిన 27 మీటర్ల ఓడ సమాధి, అంటే మనిషిని ఓడలో పెట్టి పాతిన చోటు. నేలలోని ఆమ్లానికి శవం కంటికి కనబడేలా ఏమీ మిగల్లేదు. అయినా అంత ఓడని నది నుంచి గుట్ట మీదికి లాగించారంటే, పాతినవాళ్లకి ఎంతమంది మీద పెత్తనం ఉందో ఊహించండి. బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) వెండి, భారత్, శ్రీలంక వైపు నుంచి వచ్చిన గార్నెట్లు అంత దూరం చేరాయి మరి.

బంగారం లేని సమాధుల్ని మాత్రం వదిలేయకండి. కెంట్‌లో అప్‌డౌన్ అనే చోట పదేళ్ల పాప పక్కన ఒక కుండ, కత్తి, దువ్వెన ఉన్నాయి. డీఎన్ఏ చూస్తే ఆమె తాత, నానమ్మల తరంలో ఒకరు పశ్చిమ ఆఫ్రికా మూలాలవాళ్లు. అదే శ్మశానంలో ఆమె బంధువులూ ఉన్నారు, ఆమెనీ వాళ్లలాగే సాగనంపారు. ఆ ఊరివాళ్లకి ఆమె తమ పిల్లే.