మన చేతిలో మైకు లాగేసుకుంటున్నారు! సిమెంట్ ఫ్యాక్టరీకి ఇక ఊరిని అడగక్కర్లేదంట!!

నమస్తే అండీ అందరికీ, విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. విశాఖ దగ్గర పెదగంట్యాడ వీడియోలు చూసే ఉంటారు, 2025 అక్టోబర్‌లో అంబుజా సిమెంట్ గ్రైండింగ్ యూనిట్, అంటే సిమెంట్ పొడి ఆడించే మిల్లు, మాకొద్దని పబ్లిక్ హియరింగ్‌లో (ప్రజాభిప్రాయ సేకరణలో) జనం ఎలా లేచారో. దాని మీద అందరూ మాట్లాడేశారు, మరి దానికి కొద్దిరోజుల ముందు ఢిల్లీలో ఏం జరిగిందో ఎవరైనా చెప్పారా?

సెప్టెంబర్ నెలాఖర్లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక డ్రాఫ్ట్ రూల్ (ముసాయిదా) వదిలింది. సొంత కరెంటు ప్లాంటు లేని సిమెంట్ గ్రైండింగ్ యూనిట్‌కి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదట. అనుమతి అక్కర్లేదంటే ఏటి? పబ్లిక్ హియరింగే ఉండదు! ఊళ్ళో టెంటు వెయ్యరు, కలెక్టరాఫీసు వాళ్ళు రారు, మైకు ఇవ్వరు. పొల్యూషన్ బోర్డు దగ్గర కాయితాలు పెట్టుకుని కట్టేసుకోడమే.

నేను గట్టిగా నమ్మేది ఒకటే. ఈ కంపెనీలకి జరిమానా అంటే భయం లేదు, నోటీసంటే భయం లేదు, భయమున్నదల్లా ఆ మైకుకే. ఎందుకంటే అక్కడ మన మత్స్యకారుడు మాట్లాడినా, రైతు మాట్లాడినా వీడియో తీసి రికార్డులో పెట్టాల్సిందే, పర్యావరణ అనుమతుల 2006 నోటిఫికేషన్‌లో రాసుంది.

ఇక్కడ సున్నపురాయి కాల్చరు, బట్టీ లేదు, కాలుష్యం తక్కువ అంటారు. బట్టీ లేదు, నిజమే. 1450 డిగ్రీల్లో కాల్చడం పల్నాడు, కడప, నంద్యాల వైపు ఎక్కడో అయిపోతుంది. అలా కాల్చగా వచ్చిన గడ్డలే క్లింకర్, అది తెచ్చి ఇక్కడ జిప్సం, బూడిద, స్లాగ్ (ఉక్కు కొలిమి వ్యర్థం) కలిపి పిండిమర ఆడించినట్టు ఆడిస్తారు. ఉత్తరాంధ్రే ఎందుకంటే సింహాద్రి థర్మల్ బూడిద ఉంది, స్టీల్ ప్లాంట్ స్లాగ్ ఉంది, పోర్టు ఉంది, రైలుంది. పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంట్, బస్తాలో 35 శాతం దాకా బూడిద కలపొచ్చు, రూలే అది. వాళ్ళు బూడిద కోసం వస్తున్నారండీ, మన పిల్లల ఉద్యోగాల కోసం కాదు! మిల్లు మొత్తం కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్ల మీద నడుస్తాది, మనోళ్ళకి మిగిలేది లోడింగు, కాంట్రాక్టు కూలి.

ఆ పెదగంట్యాడ యూనిట్ ఏడాదికి 40 లక్షల టన్నులంట. రోజుకి దగ్గర దగ్గర 11 వేల టన్నులు. సగం రైల్లో పోయినా, లారీకి 30 టన్నుల లెక్కన బయటికెళ్ళేవే రోజుకి 180 లారీలు. లోపలికొచ్చేవి వేరే! ఏ రోడ్డు మీద తిరుగుతాయి, ఏ బడి ముందు నుంచి పోతాయి, దుమ్ము పట్టే ఫిల్టర్ రాత్రిపూట కూడా నడుస్తోందా... ఇవన్నీ అడిగే చోటు ఆ హియరింగ్ ఒక్కటే కదా, అది కూడా తీసేస్తే ఎక్కడ అడగాలి, ఎవర్ని అడగాలి?

అసలు ఈ సిమెంట్‌ని మన సిక్కోలు, విజయనగరం వలస కూలీల కంటే ఎక్కువ ఎరిగినోళ్ళు ఉన్నారా? హైదరాబాద్, చెన్నై, బెంగళూరు ఎక్కడికెళ్ళినా బిల్డింగు పని దగ్గర మన యాస వినబడుతుంది. మన నాన్నలు, మావయ్యలు 50 కేజీల బస్తాలు భుజాన మోసి మెట్లెక్కారు, ఆ దుమ్ము పీల్చారు. వాళ్ళకి సిమెంట్ దుమ్ము గురించి మాట్లాడే హక్కు లేదంటే నా రక్తం మరిగిపోతోంది.

సోంపేట మరిచిపోయారా? అక్కడి బీలని, అంటే చిత్తడి నేలని, కాపాడుకోడానికి జనం థర్మల్ ప్లాంట్ వద్దన్నారు, 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. అదే రోజు ఢిల్లీలో అప్పీలేట్ అథారిటీ ఆ ప్లాంట్ పర్యావరణ అనుమతి కొట్టేసింది. అనుమతి అనే కాయితం ఉంది కాబట్టి కొట్టెయ్యగలిగారు! రేపు గ్రైండింగ్ యూనిట్‌కి ఆ కాయితమే లేకపోతే దేని మీద అప్పీలుకెళ్తాం?

రణస్థలం, పైడిభీమవరం, కొత్తవలస, గరివిడి వాళ్ళు, ఫ్యాక్టరీ పక్కనున్నోళ్ళు కామెంట్ చెయ్యండి. మీ ఊళ్ళో హియరింగ్ పెట్టినప్పుడు పర్యావరణ రిపోర్ట్ సారాంశం తెలుగులో ఇచ్చారా లేదా, మీ పంచాయతీలో ఎవరైనా చదివారా లేదా, పేర్లు వద్దు, ఊరి పేరు రాయండి చాలు. వచ్చే వీడియోలో అవే చదువుతాను.