బొమ్మ నటించింది, మనుషులు నిలబడ్డారు

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ఇప్పుడే 1933 నాటి కింగ్ కాంగ్ చూశాం కదా, నేను తెర కన్నా ఎక్కువ మిమ్మల్నే చూస్తూ కూర్చున్నా. ఓడ మీద హీరోగారు ఆడవాళ్ళ వల్ల అన్నీ ఇబ్బందులే అని విసుక్కుంటూ, కాసేపటికే ఆ అమ్మాయికి ఐ లవ్ యూ చెప్పేస్తుంటే హాల్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వా. కానీ చివర్లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైన కాంగ్ చచ్చిపోతుంటే ఒక్కళ్ళు కూడా నవ్వలేదు. అంటే మనుషుల్ని చూసి నవ్వి, బొమ్మని చూసి బాధపడ్డామన్నమాట. నేను ఇవ్వాళ మాట్లాడేది దీని గురించే. నా లెక్కలో ఈ సినిమాలో నిజంగా నటించింది కాంగ్ అనే ఆ రాకాసి కోతి బొమ్మ ఒక్కటే, తొంభై ఏళ్ళు దాటినా సినిమా నిలబడిందంటే దాని వల్లే.

ఆ బొమ్మ ఎంత ఉంటుందో తెలుసా? దాదాపు 18 అంగుళాలు, అంటే అడుగున్నర. లోపల కీళ్ళు ఉన్న లోహపు అస్థిపంజరం, దాని మీద రబ్బరు, పైన కుందేలు బొచ్చు. తయారు చేసింది మార్సెల్ డెల్గాడో, కదిలించింది విల్లిస్ ఓబ్రియన్, ఆయన టీమ్. బొమ్మని వెంట్రుకవాసి జరపడం, ఒక ఫ్రేమ్ తియ్యడం, మళ్ళీ జరపడం, మళ్ళీ తియ్యడం. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి నిమిషానికి 1440, అలా చేస్తూ పోతే ఎప్పటికో ఒక సీను. మీరు చూసే ఉంటారు, కాంగ్ ఒంటి మీద బొచ్చు ఊరికే అల్లల్లాడుతూ ఉంటుంది. అది గాలి కాదు, ప్రతి ఫ్రేముకీ బొమ్మని పట్టుకున్న వేళ్ళ గుర్తులు. కోపం వస్తే బొచ్చు నిక్కబొడుచుకుంటోంది, ఏం తీశారయ్యా అని స్టూడియో పెద్దలు మెచ్చుకున్నారని ఒక కథ చెప్పుకుంటారు, నిజమో కాదో గానీ నాకు భలే ఇష్టం.

సరే, టెక్నిక్ సంగతి అలా ఉంచండి, టెక్నిక్ అన్నాక పాతబడుతుంది. ఓబ్రియన్ అసలు గొప్పతనం ఏంటంటే ఎవరూ అడగని పనులు బొమ్మ చేత చేయించాడు. టి-రెక్స్ అనే డైనోసార్‌తో ఫైట్ గుర్తు తెచ్చుకోండి. కాంగ్ దాని దవడ చీల్చి చంపేస్తాడు, వేరే ఎవరైనా అయితే అక్కడ గుండెలు బాదించి కట్ చెప్పేస్తారు. ఇక్కడ గుండెలు బాదుకునే ముందు వాడు కిందికి వంగి, చచ్చిన దాని దవడని పైకీ కిందకీ ఆడించి చూస్తాడు. పోయిందా లేదా అని చెక్ చేస్తున్నాడా, ఆడుకుంటున్నాడా, రెండూనా? కథకి దాంతో పని లేదు. కానీ ఆ రెండు మూడు సెకన్లలో వాడికి బుర్ర ఉందని మనకి తెలిసిపోతుంది. బిల్డింగ్ పైన కూడా అంతే, తూటా తగిలాక ఛాతీ తడుముకుని, వేళ్ళకి అంటిన నెత్తురు చూసుకుంటాడు, ఇదేంటో అర్థం కానట్టు. పడిపోయే ముందు ఆ అమ్మాయిని ఎత్తుకుని ఒకసారి చూసి, జాగ్రత్తగా కింద పెడతాడు. డైలాగ్ లేదు, మొహం రబ్బరు, అయినా పక్కన హీరో బ్రూస్ కాబట్ మొహం కన్నా దాంట్లోనే ఎక్కువ కనిపిస్తుంది (పాపం ఆయన్ని మరీ అంటున్నా గానీ).

మనుషుల్లో హీరోయిన్ ఫే రేకి మాత్రం మినహాయింపు ఇవ్వాలి. అరుపులు ఆమెకి పేరు తెచ్చాయి, వాటిలో చాలావరకు షూటింగ్ అయ్యాక రికార్డింగ్ రూమ్‌లో విడిగా అరిచినవే. అక్కడ ఎదురుగా ఏమీ లేకుండా, ఉన్నట్టు ఊహించుకుని భయపడాలి. ఇవ్వాళ గ్రీన్ మ్యాట్ ముందు హీరోయిన్లు చేస్తున్న పని ఆమె అప్పుడే చేసింది.

కాంగ్ తెర మీదకి వచ్చేది ఎప్పుడు? వంద నిమిషాల సినిమాలో దాదాపు 45 నిమిషాలయ్యాక. అప్పటిదాకా మొదలెడతారా లేదా అని మీలో కొందరు ఫోన్లు తీశారు, చూశాను. కానీ ఆ మొదటి భాగం ఊరికే పెట్టింది కాదు. న్యూయార్క్‌లో ఆకలితో ఉన్న ఒక అమ్మాయి పళ్ళ బండి మీద యాపిల్ తియ్యబోయి దొరికిపోతుంది. సినిమా రిలీజైంది 1933 మార్చి 2న, అమెరికాలో నలుగురిలో ఒకరికి పని లేదు, ఆ వారం దాటగానే కొత్త అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దేశంలో బ్యాంకులన్నీ మూయించాడు. అలాంటి రోజుల్లో రేడియో సిటీ మ్యూజిక్ హాల్, పక్కనే రాక్సీ, రెండు పెద్ద హాళ్ళలో ఒకేసారి వేస్తే జనం ఎగబడ్డారు. ఆ యాపిల్ దొంగతనం వాళ్ళకి సినిమా కష్టం కాదు, బయట వీధిలో చూసి వచ్చిందే. అదే మొదటి భాగంలో ఇంకోటి గమనించారా, టైటిల్స్ అయ్యాక ఓడ ఆ దీవి దగ్గర పొగమంచులోకి వెళ్ళేదాకా మ్యూజిక్ ఉండదు. మాక్స్ స్టైనర్ సంగీతం అక్కడ మొదలై ఇక వదలదు. ఇక కాంగ్ గర్జన ఏమో సింహం, పులి అరుపుల్ని స్పీడ్ తగ్గించి, వెనక్కి తిప్పి కలిపారు, మరే స్పివాక్ అన్నాయన పని.

తీసినవాళ్ళ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మెరియన్ కూపర్, అర్నెస్ట్ షోడ్‌సాక్. కూపర్ మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబర్ పైలట్, తర్వాత ఇద్దరూ కెమెరా పట్టుకుని సియాం (ఇప్పటి థాయ్‌లాండ్) అడవుల దాకా వెళ్ళి నిజం ఏనుగుల్ని, పులుల్ని తీసినవాళ్ళు. అంటే సినిమాలో జంతువుల వెంట పడే ఆ డైరెక్టర్ డెన్‌హామ్ ఎవరో కాదు, కూపరే. స్క్రిప్టుకి తుది రూపు ఇచ్చిన రూత్ రోజ్ షోడ్‌సాక్ భార్య, ఆవిడ వీళ్ళిద్దర్నీ దగ్గర్నుంచి చూసింది మరి. ఇంకా తమాషా, చివర్లో కాంగ్‌ని కాల్చే విమానంలో దగ్గరగా కనిపించే ఇద్దరూ వీళ్ళే. పైలట్ కూపర్, వెనక మెషిన్ గన్ షోడ్‌సాక్. మనమే పుట్టించాం, మనమే చంపుదాం అన్నట్టు. డెన్‌హామ్ ఏమో శవం పక్కన నిలబడి, అందం మృగాన్ని చంపేసింది అని ఒక ముక్క చెప్పి తప్పించుకుంటాడు. అబద్ధం. చంపింది నువ్వు, నీ టికెట్ల వ్యాపారం, గొలుసులేసి స్టేజి ఎక్కించింది ఎవరు? ఆ మాట నిజమని నమ్మి పెట్టారో, డెన్‌హామ్ ఇలాగే మాట్లాడతాడని పెట్టారో నాకు తేలలేదు, తేలకపోవడమే బాగుంది.

ఇందాక ఒకరు చిరాగ్గా మొహం తిప్పుకున్నారు, ఆ దీవి జనాన్ని చూపించిన తీరుకి. కరెక్టే, దానికి నేను వకాల్తా పుచ్చుకోను. నల్లవాళ్ళని ఆటవికులుగా, తెల్ల పిల్ల కోసం వెర్రెత్తిపోయేవాళ్ళుగా చూపించడం ఆనాటి హాలీవుడ్ జబ్బు. కాంగ్‌ని గొలుసులతో ఓడలో తెచ్చి న్యూయార్క్‌లో ప్రదర్శనకి పెట్టడం చూసి బానిసల చరిత్ర గుర్తొస్తోందని రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. సినిమావాళ్ళు అలా తియ్యాలనుకుని తీశారని నేను అనను, కానీ తెర మీదకి వచ్చేసింది, వచ్చాక దాన్ని కాదనలేం.

కాంగ్‌ని మరీ అమాయకుడిగా కూడా చూడకండి. కిటికీలోంచి ఒకావిడని బయటికి లాగి, తను వెతికే అమ్మాయి కాదని తెలియగానే గాల్లోంచి వదిలేస్తాడు చూశారా? 1938లో మళ్ళీ రిలీజ్ చేసినప్పుడు సెన్సార్ రూల్స్ గట్టిపడి అది, మనుషుల్ని నమలడం, ఆ అమ్మాయి బట్టలు ఒలిచి వాసన చూడటం అన్నీ కోసేశారు, దశాబ్దాల పాటు జనం చూసింది ఆ కత్తిరించిన కాంగ్‌నే. ముక్కలు దొరికి తిరిగి అతికించాక చూస్తే సినిమా మరింత బలంగా ఉంది అంటా నేను. నిద్రపోతున్న ఆవిడని చంపినవాడి కోసం ఇరవై నిమిషాల్లోపే మనం బాధపడుతున్నాం, ఇంత పని చేయించగల సినిమాలు ఎన్ని ఉంటాయి?

ఆస్కార్ మాట ఎత్తకండి, ఒక్క నామినేషన్ కూడా రాలేదు, స్పెషల్ ఎఫెక్ట్స్‌కి అప్పట్లో అవార్డే లేదు. కానీ 13 ఏళ్ళ రే హ్యారీహౌసెన్ ఇది చూసి జీవితమంతా బొమ్మలు కదుపుతూ గడిపాడు, చివరికి ఓబ్రియన్ దగ్గరే పనికి చేరాడు. జపాన్‌లో ఎఫెక్ట్స్ చేసే ఐజీ త్సుబురాయా ఇది చూసే పిచ్చెక్కి, 1954లో గాడ్జిల్లాకి ఇదే పద్ధతి వాడదామనుకుని, టైము లేక మనిషికి రబ్బరు సూటు తొడిగాడు.

ఇంకొక్కటి చెప్పి ప్రశ్నలు తీసుకుంటా. లోయలో దుంగ మీంచి మనుషులు పడిపోతారు కదా, అసలు కింద వాళ్ళని సాలీళ్ళు, పురుగులు తినే సీను ఒకటి తీశారు, కథ నెమ్మదిస్తోందని కూపరే కోసేశాడు, ఆ రీలు ఇప్పటికీ దొరకలేదు. 2005లో తన కాంగ్ తీస్తూ పీటర్ జాక్సన్ ఈ పాత సినిమా డీవీడీ కోసం పాత పద్ధతిలోనే బొమ్మలు చేయించి, నలుపు తెలుపులో ఆ సీను మళ్ళీ తీశాడు. నా పెన్‌డ్రైవ్‌లో ఉంది, టీ తాగి వస్తే వేస్తా. ఆ, మీరు అడగండి, ఆ చివర చెయ్యెత్తిన అమ్మాయి.