పాత లెన్సుకీ కొత్త కెమెరాకీ మధ్య 27 మిల్లీమీటర్లు

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో చాలామంది మెడలో మిర్రర్‌లెస్ కెమెరాలు కనిపిస్తున్నాయి. మీ ఇంట్లోనో, మేనమామ గారింట్లోనో, మూతపడ్డ ఏ స్టూడియో బీరువాలోనో ఒక పాత ఫిల్ము కెమెరా కూడా ఉండే ఉంటుంది. పెంటాక్స్ కె1000, యాషికా ఎఫ్ఎక్స్-3, నికాన్ ఎఫ్ఎమ్, జెనిట్... ఇలాంటిదేదో ఒకటి. ఆ కెమెరా షట్టర్ ఎప్పుడో బిగుసుకుపోయి ఉండొచ్చు, లోపలి రేకులు తుప్పు పట్టి ఉండొచ్చు. కానీ దాని ముందున్న లెన్సు చాలావరకు బతికే ఉంటుంది. దాన్ని మీ మెడలో ఉన్న కెమెరాకు బిగించి ఫోటోలు తీయండి అని చెప్పడానికే వచ్చాను.

ముందు ఇదెలా సాధ్యమో చూద్దాం. లెన్సు మార్చుకునే ప్రతి కెమెరాకూ ఒక కొలత ఉంటుంది. లెన్సు బిగించే వలయం (దీన్నే మౌంటు అంటారు) నుంచి ఫిల్ము లేదా సెన్సర్ వరకు ఉండే దూరమది. దాన్నే ఫ్లాంజ్ దూరం అంటాం. లెన్సులో గాజులు ఎక్కడ అమర్చాలో ఈ దూరాన్ని బట్టే లెక్క కడతారు. లెన్సు అంతకన్నా ముందుకు జరిగి కూర్చుంటే దగ్గరి వస్తువులకే ఫోకస్ అందుతుంది, దూరాన ఉన్న కొండ ఎంత తిప్పినా మసకగానే ఉంటుంది. ఫిల్ము రోజుల ఎస్సెల్లార్ కెమెరాలో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం లేచి పడాలి కాబట్టి అక్కడ చోటు వదలక తప్పలేదు. ఎం42 మరతో వచ్చే లెన్సులకు ఈ దూరం 45.46 మిల్లీమీటర్లు. నికాన్ ఎఫ్‌కి 46.5, ఒలింపస్ ఓఎమ్‌కి 46, మినోల్టాకి 43.5.

మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు. అందుకని లెన్సును సెన్సర్‌కు బాగా దగ్గరగా తెచ్చేశారు. సోనీ ఇ మౌంటుకి 18 మిల్లీమీటర్లు, నికాన్ జెడ్‌కి 16, ఫుజీ ఎక్స్‌కి 17.7, కానన్ ఆర్ఎఫ్‌కి 20. ఇప్పుడు 45.46 లోంచి 18 తీసేయండి, 27.46 మిగులుతుంది. మీరు కొనే ఎం42 నుంచి సోనీకి వెళ్ళే అడాప్టర్ అంటే ఆ మిగిలిన పొడవున్న బోలు గొట్టం, అంతే. అందులో గాజు ఉండదు, వైర్లు ఉండవు. వెలుగు దారిలో కొత్తగా ఏమీ అడ్డురాదు కాబట్టి లెన్సు నాణ్యత ఎక్కడా తగ్గదు.

ఈ కొలత ఎంత బలమైనదో చెప్పడానికి కానన్ కథ ఒక్కటి చాలు. 1971లో వాళ్ళు ఎఫ్‌డీ లెన్సులు తెచ్చారు. వృత్తి ఫోటోగ్రాఫర్లు డబ్బు పోసి వాటిని కొనుక్కున్నారు. 1987లో ఆటోఫోకస్ కోసం ఈఓఎస్ అనే కొత్త పద్ధతి వచ్చింది, మౌంటు మొత్తం మారిపోయింది. ఎఫ్‌డీ దూరం 42 మిల్లీమీటర్లు, కొత్త ఈఎఫ్ దూరం 44. కేవలం రెండు మిల్లీమీటర్లు! అయినా ఎఫ్‌డీ లెన్సును ఈఓఎస్ మీద సరిగ్గా పెట్టాలంటే దాన్ని కెమెరా లోపలికి రెండు మిల్లీమీటర్లు దించాలి. బోలు గొట్టంతో అయ్యే పని కాదది. మధ్యలో ఒక గాజు పెట్టి సర్దుబాటు చేస్తే బొమ్మ నాణ్యత పడిపోయేది. అలా అద్భుతమైన లెన్సులు ఏళ్ళ తరబడి మూలన పడ్డాయి. 2018లో అదే కంపెనీ 20 మిల్లీమీటర్ల ఆర్ఎఫ్ మౌంటు తెచ్చాక మధ్యలో 22 మిల్లీమీటర్ల చోటు దొరికింది. 31 ఏళ్ళకు సొంత కంపెనీ ఫుల్ ఫ్రేమ్ (అంటే ఫిల్ము ముక్కంత సెన్సర్ ఉన్న) కెమెరా మీదే ఆ లెన్సులు మళ్ళీ కూర్చున్నాయి. అంతకు ముందే, 2008లో పానాసోనిక్ జీ1 వచ్చినప్పటి నుంచీ, ఇతర మిర్రర్‌లెస్‌ల మీద జనం వాటిని వాడటం మొదలుపెట్టేశారు.

మరి డీఎస్‌ఎల్‌ఆర్ (అద్దం ఉన్న డిజిటల్ కెమెరా) మీద పాత లెన్సులు వాడలేదా అని అడుగుతారు. కొన్ని జతలు కుదిరాయి, వాడారు. కానీ కంటితో ఫోకస్ చేయడం నరకం. చాలా ఫిల్ము కెమెరాల్లో, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ మధ్యన విరిగినట్టు కనిపించే స్ప్లిట్ ప్రిజం ఉండేది. బొమ్మ రెండు ముక్కలూ కలిస్తే ఫోకస్ కుదిరినట్టు. ఆటోఫోకస్ వచ్చాక మామూలు కెమెరాల్లో దాన్ని తీసేశారు. మిర్రర్‌లెస్‌లో మీరు చూసేది సెన్సర్ చూస్తున్న బొమ్మనే. దాన్ని పది రెట్లు పెద్దది చేసుకుని కనురెప్ప వెంట్రుక మీద ఫోకస్ పెట్టొచ్చు. అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) మూస్తే వ్యూఫైండర్ చీకటి పడే బాధ కూడా లేదు, కెమెరాయే వెలుగు పెంచి చూపిస్తుంది. ఆ లెన్సులు కొత్తగా ఉన్న రోజుల్లో వాటితో ఇంత కచ్చితంగా ఫోకస్ చేసే సాధనం ఎవరి చేతిలోనూ లేదు. ఇది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి.

కెమెరాలో ముందు ఒక పని చేయాలి. అడాప్టర్‌లో చిప్పు లేదు కాబట్టి అసలు లెన్సే లేదని కెమెరా అనుకుంటుంది, కొన్ని కంపెనీల కెమెరాలు షట్టర్ నొక్కనివ్వవు. మెనూలో లెన్సు లేకుండా షట్టర్ పడనిచ్చే ఐచ్ఛికం వెతికి ఆన్ చేయండి. బాడీలో కుదుపు తగ్గించే స్టెబిలైజేషన్ ఉంటే లెన్సు ఫోకల్ లెంగ్త్ (దాని మీది మిల్లీమీటర్ల అంకె) మీరే నమోదు చేయాలి. 50 లెన్సు పెట్టి 135 అని వదిలేస్తే కుదుపు తగ్గే బదులు పెరుగుతుంది. బొమ్మ పెద్దది చేసే పనిని బొటనవేలికి అందే బటన్‌కు ఇచ్చుకోండి. అంచులను ఎరుపులో మెరిపించే ఫోకస్ పీకింగ్ వీధిలో, నడకలో బాగా పనికొస్తుంది. కానీ ఎఫ్/1.4 దగ్గర, అంటే అపెర్చర్ బాగా తెరిచినప్పుడు, దాన్ని నమ్మకండి. 50 మిల్లీమీటర్ల లెన్సుతో మీటరు దూరంలో ఎఫ్/1.4 పెడితే స్పష్టంగా వచ్చే మందం మూడు సెంటీమీటర్ల చిల్లరే. పీకింగ్ ముక్కు మీదా మెరుస్తుంది, కంటి మీదా మెరుస్తుంది. అక్కడ బొమ్మ పెద్దది చేసి చూడాల్సిందే.

ఇప్పుడు లెన్సుల దగ్గరికి వద్దాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది 50 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి. ఆ రోజుల్లో చాలా ఫిల్ము కెమెరాలతో పాటు వచ్చేది అదే కాబట్టి ఎక్కువగా దొరుకుతుంది, తయారీలోనూ అప్పటికే పండిపోయిన లెన్సు. మీది ఫిల్ము ముక్క కన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ అయితే 75 మిల్లీమీటర్ల లెన్సంత ఇరుకుగా చూపిస్తుంది. అది మనిషి ముఖానికి చక్కగా సరిపోతుంది.

హీలియోస్ 44-2 గురించి మీలో సగం మందికి తెలుసు. 58 మిల్లీమీటర్లు, ఎఫ్/2. జర్మనీలో 1930ల నాటి జైస్ బయోటార్ నమూనాను యుద్ధం తర్వాత సోవియట్లు తీసుకుని జెనిట్ కెమెరాల కోసం లక్షల్లో తయారుచేశారు. వెనక నేపథ్యం సుడి తిరుగుతుంది అని దీనికి పేరు. అయితే లెన్సు పెట్టగానే సుడి రాదు, కొనుక్కుని నిరాశపడేవాళ్ళు అందుకే ఎక్కువ. అపెర్చర్ పూర్తిగా తెరవాలి. మనిషి మీకు ఒకటిన్నర రెండు మీటర్ల దూరంలో ఉండాలి, వెనక మరికొన్ని మీటర్ల అవతల ఆకుల సందుల్లోంచి వెలుగు చుక్కలు పడాలి. ఎండలో వేపచెట్టు దీనికి ఎంతో బాగుంటుంది. వట్టి గోడ ముందు తీస్తే మామూలు లెన్సే. ఇంకో సంగతి: దీని అపెర్చర్ రింగు క్లిక్కులు లేకుండా జారుతుంది. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళు వీడియో నడుస్తుండగానే వెలుగు మెల్లగా తగ్గించుకోవచ్చు.

వీడియో మాట వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. మిర్రర్‌లెస్ ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటి రింగు లోపలి మోటారుకు సంకేతం మాత్రమే పంపుతుంది. వేగంగా తిప్పితే ఒక దూరం, నెమ్మదిగా తిప్పితే మరో దూరం జరిగేవి వాటిలో చాలా ఉన్నాయి. పాత లెన్సులో రింగుకూ గాజుకూ మధ్య ఉన్నది మర. ఇక్కడ గీత పెట్టుకుని, అక్కడి దాకా తిప్పితే, ప్రతిసారీ అక్కడే ఆగుతుంది. నటుడు తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా నడిచే షాట్‌లో దీని విలువ తెలుస్తుంది.

పెంటాక్స్ వాళ్ళ టకుమార్ 50 ఎఫ్/1.4 నాకు చాలా ఇష్టమైన లెన్సు. ఏడు గాజుల రకంలో థోరియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన గాజు వాడారు. కాలం గడిచేకొద్దీ ఆ గాజు పసుపెక్కుతుంది. టీ రంగుకు తిరిగిన లెన్సును చూసి పారేయకండి, అతినీలలోహిత కిరణాలు తగిలితే రంగు చాలావరకు తగ్గుతుంది. మన ఎండ చాలు. కానీ ఎండలో పెట్టిన లెన్సు భూతద్దం అవుతుంది. కింద కాగితమో గుడ్డో ఉంటే అంటుకుంటుంది. అందుకని ఒక వైపు అల్యూమినియం రేకుతో మూసి, మండే వస్తువులకు దూరంగా, మీరు అక్కడే ఉండి ఆరబెట్టండి. థోరియం అంటే భయపడేవాళ్ళుంటారు. మామూలుగా కెమెరా మీద పెట్టుకుని వాడటానికి ఇబ్బంది లేదు. ఆ గాజును గీకడం, పగలగొట్టడం మాత్రం చేయకండి.

లెన్సు కొనేటప్పుడు చూడాల్సింది ప్రధానంగా ఫంగస్. విశాఖలో, కాకినాడలో, చెన్నైలో, సముద్రపు గాలి తగిలే ఏ ఊళ్ళోనైనా లెన్సుకు అదే శత్రువు. ఫోను టార్చి వెలిగించి లెన్సు వెనక నుంచి వేయండి, అపెర్చర్ పూర్తిగా తెరిచి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులాంటి సన్నని దారాలు కనిపిస్తే ఫంగస్. పొగమంచు కమ్మినట్టు ఒకే రకంగా తెల్లగా ఉంటే లోపలి గ్రీజు ఆవిరి పట్టిన మసక. అది కాంట్రాస్టు తినేస్తుంది, కానీ తెలిసిన మెకానిక్ తుడవగలడు. ఫంగస్ ముదిరితే గాజు మీది పూతను కొరికేస్తుంది, ఆ మచ్చ తుడిచినా పోదు. నాలుగు దుమ్ము చుక్కలు కనబడితే బేరమాడటానికి పనికొస్తాయి, ఫోటోకు వాటివల్ల ఏ నష్టమూ లేదు. తర్వాత అపెర్చర్ రేకులు చూడండి. టక్కున మూసుకుంటున్నాయా? నూనె అంటి మెరుస్తున్నాయా? ఎం42 లెన్సు వెనక చిన్న పిన్ను ఉంటుంది, దాన్ని వేలితో నొక్కితే రేకులు కదలాలి. హీలియోస్ 44-2 లాంటి, అపెర్చర్‌ను చేత్తోనే మూసే ప్రీసెట్ లెన్సుకు ఈ పిన్ను ఉండదు. ఆటో, మాన్యువల్ మీట లేని ఎం42 లెన్సు అయితే ఆ పిన్నును నొక్కి పట్టే అంచున్న అడాప్టరే కొనాలి. అది తెలియక కొన్న అడాప్టర్‌తో లెన్సు ఎప్పుడూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది.

ఇంటికి తెచ్చాక తోలు సంచిలో పెట్టకండి, తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ ఉంటే మంచిది. లేకపోతే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్. ముసురు పట్టిన రోజుల్లో ఆ జెల్‌ను వేడిచేసి మళ్ళీ వాడుకోండి.

వీటితో కుదరని పనులూ ఉన్నాయి, అవీ చెప్పాలి. పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళు జీలకర్ర-బెల్లం పెట్టే వేళ, తలంబ్రాల వేళ ఆటోఫోకస్ లెన్సే వాడండి. ఆ క్షణం రెండోసారి రాదు, మీ ప్రయోగానికి ఆ కుటుంబం మూల్యం చెల్లించకూడదు. ఎగిరే పక్షి, పరిగెత్తే ఆటగాడు కూడా అంతే. ఎండకు ఎదురుగా తీస్తే ఒకే పొర పూత ఉన్న పాత గాజు తెల్లబారుతుంది. కొందరికి ఆ మెత్తని వెలుగు నచ్చుతుంది, నాకూ నచ్చుతుంది, కానీ చీర రంగు ఉన్నదున్నట్టు కావాలన్న కస్టమర్‌కు నచ్చదు. రేంజ్‌ఫైండర్ కెమెరాల (అద్దం లేని పాత ఫిల్ము కెమెరాల) వైడ్ లెన్సులు పెడితే మూలలు చెదిరి, గులాబీ ఛాయ పడొచ్చు. సెన్సర్ ముందున్న గాజు పొర వల్ల వచ్చే ఇబ్బంది అది.

వీధి మాత్రం ఈ లెన్సులదే అంటాను. లెన్సు మీద చెక్కిన దూరాల అంకెలు చూశారా? 50 లెన్సును ఎఫ్/8 దగ్గర పెట్టి, ఫోకస్‌ను ఐదు మీటర్లకు తిప్పి వదిలేయండి. ఫుల్ ఫ్రేమ్ మీద దాదాపు మూడున్నర మీటర్ల నుంచి తొమ్మిదిన్నర మీటర్ల దాకా అన్నీ తగినంత స్పష్టంగా వస్తాయి. ఇక ఫోకస్ గోలే లేదు. బోనాల ఊరేగింపులో పోతరాజు ఆ పరిధిలోకి రాగానే నొక్కడమే. ఏ ముఖం మీద ఆగాలో తేల్చుకోలేక తటపటాయించే యంత్రం మధ్యలో ఉండదు. కొన్నాళ్ళు ఇలా తీస్తే మూడున్నర మీటర్లంటే ఎంతో మీ కళ్ళకు అలవాటవుతుంది. కెమెరా ఎత్తక ముందే ఎక్కడ నిలబడాలో కాళ్ళకు తెలుస్తుంది. ఆటోఫోకస్ లెన్సుల మీద ఈ అంకెలే చాలావరకు మాయమైపోయాయి, అందుకే కొత్తవాళ్ళకు దూరాన్ని కొలిచే కన్ను రావడం లేదని నా అభిప్రాయం.

మీలో కొందరు ఇంట్లోని లెన్సులు తెచ్చామన్నారు. అవన్నీ ఈ బల్ల మీద పెట్టండి, మూతలు తీసి ఉంచండి. టార్చి తెచ్చాను, సోనీకీ నికాన్‌కీ సరిపడే అడాప్టర్లు కూడా తెచ్చాను. ఒక్కొక్కటే చూసి, దేనికి ఏం కావాలో ఇక్కడే చెప్పుకుందాం.